వరి కోత మిషన్‌తో గింజ నష్టం: మడిలో దిగే ముందు, దిగాక చూసుకోవాల్సినవి

మిషన్ వెనక రాలిన గింజలు గడ్డి కింద పడతాయి కాబట్టి కంటికి ఆనవు. వాన పడి మొలకెత్తాక మడిలో పట్టీలుగా పచ్చగా కనిపిస్తాయి, అప్పటికి చేసేదేమీ ఉండదు. అందుకే మొదటి చుట్టులోనే మిషన్ ఆపించి చూడాలి. బాడుగ గంట లెక్కనైతే రైతే డ్రైవర్‌ను తొందరపెడతాడు, ఎకరం లెక్కనైతే డ్రైవరే తొందరపడతాడు. ఎటైనా పోయేది రైతు గింజే.

కోతకు వారం, పది రోజుల ముందే నీళ్లు తీసేయాలి. బురదలో మిషన్ కుంగుతూ లేస్తూ పోతే ముందు పైరు కోసే కత్తుల పట్టీ (కటర్ బార్) ఎత్తు నిలకడగా ఉండదు. కంకిలో నూటికి 80–85 గింజలు పసుపు రంగుకు తిరిగి, తేమ 20–24 శాతం మధ్య ఉన్నప్పుడు కోయించడం మంచిది. కొనుగోలు కేంద్రంలో 17 శాతం అడుగుతారని చేనుమీదే ఎండనివ్వడం తప్పు లెక్క. బాగా ఎండిన కంకి, పైరును కటర్ వైపు వంచే తిరుగుడు చట్రం (రీల్) తగలగానే రాలుతుంది, మరలో నూక కూడా పెరుగుతుంది. ఉదయం మంచు ఆరకముందు మొదలుపెడితే గింజ కంకినుంచి విడవక గడ్డితోపాటు వెళ్లిపోతుంది.

మిషన్ పక్క ఊరి నుంచి వచ్చిందంటే దాని ట్యాంకులో, గింజను ట్యాంకులోకి ఎత్తే ఎలివేటర్‌లో వేరే రకం వడ్లు ఉంటాయి. అడుగు మూతలు తీయించి కాసేపు ఖాళీగా తిప్పించాలి. విత్తనానికి ఉంచుకునే మడి అయితే మొదట వచ్చిన బస్తాలను వేరుగా పెట్టాలి.

ఇక లెక్క. చైన్ మిషన్ కటర్ వెడల్పు సుమారు రెండు మీటర్లు. దాని వెనక, కోసిన వెడల్పంతా వచ్చేలా రెండు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పున తాడుతో గడి పరిస్తే చదరపు మీటరు అవుతుంది. 14 అడుగుల కటర్ ఉన్న టైర్ల మిషన్‌కైతే గడి వెడల్పు 24 సెంటీమీటర్లు చాలు. గడ్డి దులిపి నిండు గింజలు మాత్రమే లెక్కపెట్టాలి. సాంబమసూరి వంటి సన్నరకంలో వెయ్యి గింజలు దాదాపు 15 గ్రాములు, అంటే చదరపు మీటరుకు వంద గింజలు రాలితే ఎకరాకు ఆరు కిలోలు పోయినట్టు. 1010 లాంటి లావు గింజకైతే అదే వందకు పది కిలోల దాకా.

ఎక్కడ పోతోందో తేలకుండా ఏదీ తిప్పకూడదు. మిషన్‌ను నాలుగైదు మీటర్లు వెనక్కి నడిపించి, కటర్ ముందు, ఇంకా గడ్డి పడని చోట లెక్కపెట్టాలి. కోయని చేనులో ముందే రాలినవి అందులోంచి తీసేస్తే కటర్ దగ్గరి నష్టం తెలుస్తుంది. విడి గింజలు ఎక్కువుంటే రీల్ వేగం ఎక్కువైంది. మిషన్ నడక కంటే రీల్ కాస్తంత వేగంగా తిరిగితే చాలు. కంకులకు కంకులే పడి ఉంటే కటర్ ఎత్తు ఎక్కువైందో, కత్తులు అరిగాయో, ఒకటి విరిగిందో చూడాలి.

వెనక నష్టమైతే గడ్డిని చేత్తో పట్టి చూడాలి. కంకికే గింజలు అంటుకుని ఉంటే డ్రమ్ము సరిగా నూర్చడం లేదు: డ్రమ్ముకూ, దాని కింద జల్లెడలా వంగి ఉండే కాన్కేవ్‌కూ మధ్య సందు కొంచెం తగ్గించాలి. విడివడిన గింజలు గడ్డిలో పోతుంటే మిషన్‌కు మేత ఎక్కువైంది, నడక తగ్గించాలి. పొట్టులో నిండు గింజలుంటే ఫ్యాన్ గాలి ఎక్కువో, జల్లెడ మూసుకుపోయిందో. ట్యాంకులో బియ్యం, నూక కనిపిస్తే డ్రమ్ము వేగం తగ్గించాలి. ఒకసారికి ఒక్కటే మార్చి మళ్లీ లెక్క చూడాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మన దగ్గర ఎక్కువగా జరిగే తప్పు వేరే ఉంది. డీజిల్ కలిసొస్తుందని యాక్సిలరేటర్ తగ్గించి నడుపుతారు. ఇంజన్ వేగంతోపాటే డ్రమ్మూ, ఫ్యానూ నెమ్మదిస్తాయి. తాలు ట్యాంకులోకి వస్తుంది, కేంద్రంలో తరుగు పేరుతో కోత పడుతుంది. నడక తగ్గించాలంటే గేరుతో తగ్గించాలి, ఇంజన్ వేగం నిండుగానే ఉండాలి.

పడిపోయిన చేనుకు ఈ సర్దుబాట్లన్నీ మారతాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపానులాంటిది వస్తే కోతకొచ్చిన వరి నేలకంటుకుంటుంది. అప్పుడు రీల్‌ను ముందుకు, కిందికి దించి, దాని వేళ్లను వెనక్కి వాల్చాలి. పైరు వాలిన దిక్కుకు ఎదురుగా గానీ ఏటవాలుగా గానీ కోయించి, ఏది తక్కువ వదులుతోందో కాస్త దూరం చూసి తేల్చుకోవాలి. ఒకవైపే కోసి ఖాళీగా వెనక్కి రావాల్సి వస్తే బాడుగ పెరుగుతుంది, అయినా కంకులు నేలమీద వదిలేయడం కంటే నయం. తడిసిన కంకులు మొలకెత్తే ప్రమాదముంటే లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి పిచికారీ చేయాలి.

కటర్‌లో గడ్డి ఇరుక్కుంటే ఇంజన్ ఆపి, తాళం చెవి చేతికి తీసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ట్రాలీలోకి వడ్లు దించే గొట్టం పైకి లేపేముందు కరెంటు తీగలు చూడాలి. ఇరవై శాతం దాటిన తేమతో వచ్చిన వడ్లను రాత్రంతా రాశిగా ఉంచితే వేడెక్కి రంగు మారతాయి. అదే సాయంత్రం పట్టాలమీద పలుచగా పరచాలి.