బస్సు దిగడానికి ‘గెట్ ఆఫ్’, ఆటో దిగడానికి ‘గెట్ అవుట్ ఆఫ్’

మద్దిలపాలెంలో బస్సు దిగుతాం, జగదాంబ దగ్గర ఆటో దిగుతాం, కైలాసగిరి మెట్లు దిగుతాం. తెలుగులో అన్నింటికీ ఒకటే మాట. దాన్నే ఇంగ్లీషులోకి మోసుకెళ్లి ‘గెట్ డౌన్’ అంటాం. విశాఖ సిటీ బస్సులో కండక్టరుకు అది చక్కగా అర్థమవుతుంది, మన దేశపు ఇంగ్లీషులో పాతుకుపోయిన వాడుకే. బ్రిటన్‌లోనో అమెరికాలోనో మాత్రం వింతగా వినిపిస్తుంది. అక్కడ చెట్టు, నిచ్చెన, గోడ దిగడానికే ‘గెట్ డౌన్’.

వాహనంలో లేచి నిలబడి నాలుగడుగులు వేయగలమా అని చూసుకోండి. బస్సు, రైలు, విమానం, ఓడ అలాంటివి: ఎక్కితే ‘గెట్ ఆన్’, దిగితే ‘గెట్ ఆఫ్’ (off). ఆటో, కారులో ఒదిగి కూర్చోవడమే కాబట్టి ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్ ఆఫ్’ (out of). చిన్న పడవకూ ఇవే. బైకు, సైకిలు మీద కూర్చుంటాం, లోపల కాదు. వాటికి మళ్లీ ‘గెట్ ఆఫ్’.

ఎక్కువమంది తప్పేది ‘ఫ్రమ్’ దగ్గర. ‘బస్సులోంచి’ అనే అలవాటు వల్ల ‘గాట్ ఆఫ్ ఫ్రమ్ ద బస్’ అనేస్తారు. ‘ఫ్రమ్’ తీసేయండి: ‘ఐ గాట్ ఆఫ్ ద బస్ ఎట్ మద్దిలపాలెం.’ ఆటోకు మాత్రం ‘అవుట్’ తర్వాతి ‘ఆఫ్’ (of) వదలకూడదు: ‘షి గాట్ అవుట్ ఆఫ్ ది ఆటో.’ వాహనం పేరు చెప్పనప్పుడు ‘అవుట్’ చాలు. కానీ పక్కవారితో ఉత్త ‘గెట్ అవుట్’ అంటే బయటికి పొమ్మన్నట్టే. ‘లెట్స్ గెట్ అవుట్ హియర్’ అనండి. బస్సు పేరు బదులు ‘ఇట్’ వాడితే అది చివరే రావాలి: ‘గెట్ ఆఫ్ ఇట్.’ ‘గెట్ ఇట్ ఆఫ్’ అంటే మరకలాంటిదాన్ని వదిలించడం.

దారి అడగడానికి ఈ వాక్యం నోటికి పట్టించుకోండి: ‘వేర్ షుడ్ ఐ గెట్ ఆఫ్ ఫర్ ఆర్కే బీచ్?’ ఇక్కడ ‘ఫర్’ ముఖ్యం. బస్సు బీచ్ దాకా వెళ్లకపోయినా, అక్కడికి వెళ్లాలంటే ఏ స్టాపులో దిగాలో అడుగుతున్నారు. జవాబులో స్టాపు పేరుకు ముందు ‘ఎట్’ వస్తుంది. పలికేటప్పుడు రెండు మాటలూ కలిపేయండి: ‘గెటాఫ్’, ‘గాటాఫ్’.

ఒకచోట మాత్రం తెలుగూ ఇంగ్లీషూ ఒకే దారిన నడుస్తాయి. స్టీలు ప్లాంటులో షిఫ్టు అయ్యాక ‘రెండింటికి డ్యూటీ దిగాను’ అంటారు కదా, ఇంగ్లీషులో అదే ‘ఐ గాట్ ఆఫ్ వర్క్ ఎట్ టూ’. ఇక్కడ ‘వర్క్’ ముందు ‘ద’ పెట్టకూడదు.