మన తీరం ఇసుకకు ఏ మెటల్ డిటెక్టర్ కొనాలి?

నేను శ్రీకాకుళంలో మోటార్ వైండింగ్ పని చేస్తాను. మా నాన్నమ్మ ట్రంకు పెట్టెలో దాచుకున్న చిల్లు కాణీలు, బేడలు, అణాలు నా చేతికి వచ్చినప్పటి నుంచి నాణేల మీద ప్రాణం. ఆరేళ్లుగా ఆదివారం తెల్లవారుజామున డిటెక్టర్ పట్టుకుని కళింగపట్నం బీచ్‌కి వెళ్తున్నాను. ఈమధ్య మా మేనల్లుడు "మావయ్యా, నాకూ ఒకటి కొనాలనుంది, తక్కువలో ఏది మంచిది?" అని అడిగాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఎంత లోతు చూస్తుందన్నది మొదటి ప్రశ్న కానే కాదు. నేను అక్కడే దెబ్బతిన్నాను. నా మొదటి మిషన్ ప్రకటనలో రెండు మీటర్ల లోతు అని రాశారు. నమ్మి కొన్నాను. తడి ఇసుక మీద పెట్టగానే ఆగకుండా మోగింది. ఇంటికొచ్చి పెరట్లో రూపాయి పాతి చూస్తే బెత్తెడు లోతు దాటితే వినపడలేదు. నాణెమంత చిన్న వస్తువుని మంచి మిషన్ అయినా జానెడు లోపలే పడుతుంది. మీటర్లలో చెప్పే లోతు బిందె, రేకు లాంటి పెద్ద లోహానికే. దూరం నుంచే బంగారం చూపిస్తుందని కడ్డీలు, యాంటెన్నాలు అమ్మేవాళ్ల దగ్గరికైతే అసలు వెళ్లకండి. లంకెబిందెల ఆశతో అప్పు చేసి అలాంటివి కొన్నవాళ్లని చూశాను, చాలా బాధగా ఉంటుంది.

మోగడానికి కారణం తెలిస్తే కొనడం తేలిక. డిటెక్టర్ చివర ఉండే చక్రంలో రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. ఆ క్షేత్రం లోహానికి తగిలితే అందులో కరెంటు సుడులు పుడతాయి, వాటి స్పందనను రెండో కాయిల్ పట్టుకుంటుంది. ఉప్పునీరు కూడా కరెంటుని మోస్తుంది కాబట్టి తడి ఇసుక కూడా మిషన్‌కి లోహంలాగే కనిపిస్తుంది. దానికి తోడు మన తీరం ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు ఎక్కువ. పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి ఇసుకలో ఈడ్చి చూడండి, నల్ల రేణువులు గడ్డంలా అంటుకుంటాయి. ఉప్పు ఒక రకంగా, నల్ల ఇసుక ఇంకో రకంగా సిగ్నల్‌ని లాగుతుంటే ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మిషన్‌కి రెండింటినీ ఒకేసారి సర్దుకోవడం కష్టం.

అందుకే ముందు ఎక్కడ వెతుకుతారో తేల్చుకోండి. బీచ్‌లో పొడి ఇసుక, ఊళ్లో పెరడు, తోట అయితే సింగిల్ ఫ్రీక్వెన్సీ మిషన్ చాలు. గ్యారెట్ ఏస్ 300 అలాంటిదే, 8 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది. దాని కాయిల్ నీళ్లలో మునిగినా పరవాలేదు, పైనున్న డబ్బా మాత్రం తడవకూడదు. అల దగ్గర తడి ఇసుకలో వెతకాలనుకుంటే ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు వాడే మైన్‌ల్యాబ్ వాంక్విష్ 340 లాంటిది చూడండి. ఇది ఆ వరుసలో చిన్నది. నాణెం సరిగ్గా ఎక్కడుందో చూపించే పిన్‌పాయింట్ బటన్ ఇందులో ఉండదు, 440లో ఉంటుంది. నోక్టా సింప్లెక్స్ ప్లస్ ఒకే ఫ్రీక్వెన్సీదే, 12 కిలోహెర్ట్జ్, కానీ గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేలలోని ఖనిజాలకి మోగకుండా చేసే సర్దుబాటు, మనమే చేసుకోవచ్చు, మిషన్ మొత్తం 3 మీటర్ల నీటి వరకు తట్టుకుంటుంది. నెల్లిమర్లలో మా బావ పొలంలో ఎర్రమట్టి. అలాంటి నేలకి ఈ గ్రౌండ్ బ్యాలెన్స్ చాలా పనికొస్తుంది. ధర ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. బిల్లు, వారంటీ ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోండి.

ఇప్పుడు మన నాణేల సంగతి. దీని గురించి అమ్మేవాళ్లెవరూ చెప్పరు. ఈ మిషన్ల మీద 'కాయిన్స్' అని ఉండే మోడ్ మన నాణేలను చూసి పెట్టింది కాదు. మన రూపాయి 1992 నుంచి స్టెయిన్‌లెస్ స్టీల్‌తో వస్తోంది, దానికి అయస్కాంతం అంటుకుంటుంది. 1947 రూపాయి నికెల్, దానికీ అంటుకుంటుంది. మేకులు, సీసా మూతలు వద్దని ఐరన్‌కి మోగకుండా మిషన్‌ని పూర్తిగా ఆపేస్తే వాటితోపాటు ఈ నాణేలూ పోతాయి. అంచు వంకీలు తిరిగిన అల్యూమినియం పది పైసలు గుట్కా ప్యాకెట్ రేకు పలికే చోటే పలుకుతుంది. వలలకి కట్టే సీసం గుళ్లు మంచి నాణెంలాగే మోగి ఆశ పెడతాయి. కాబట్టి లోహాలని విడివిడి శబ్దాలతో, అంకెలతో చూపించే మిషన్, ఏది ఆపాలో మనమే ఎంచుకోగలిగే మిషన్ కొనండి. ఒకే బీప్ చేసేది ఎంత చవకైనా వద్దు.

సెకండ్ హ్యాండ్ అయినా పరవాలేదు, నేను ఇప్పుడు వాడేది అలాంటిదే. వెళ్లేటప్పుడు జేబులో స్టీల్ రూపాయి, ఐదు రూపాయల బిళ్ల, పాత పావలా, అల్యూమినియం పది పైసలు, ఒక మేకు పెట్టుకెళ్లండి. చేతి ఉంగరం, గడియారం తీసేసి ఒక్కొక్కటి కాయిల్ ముందు ఆడించండి. అదే నాణేనికి ప్రతిసారీ దాదాపు అదే అంకె రావాలి. తర్వాత లోహం ఏదీ లేకుండా కాయిల్‌ని అరచేత్తో మెల్లగా తట్టండి, వైరుని కనెక్టర్ దగ్గర అటూ ఇటూ కదపండి. అప్పుడు మోగితే లోపల వైరు తెగుతోందని అర్థం, బేరం కూడా ఆడకుండా వచ్చెయ్యండి. కాయిల్ రిపేరు నా పని కాబట్టి చెప్తున్నాను, ఎపాక్సీ పోసి మూసేసిన ఆ చక్రాన్ని విప్పి మళ్లీ సరిగ్గా పెట్టడం అయ్యే పని కాదు. బ్యాటరీ గదిలో పచ్చటి చిలుము ఉందేమో కూడా చూడండి.

బీచ్‌కి చిల్లుల పార, హెడ్‌ఫోన్స్ ఉంటే చాలు.

చట్టం మాత్రం కచ్చితంగా తెలుసుకోవాలి. కళింగపట్నానికి దగ్గర్లోనే పాత బౌద్ధ స్థలం శాలిహుండం ఉంది, జిల్లాలోనే పాత గుళ్లున్న ముఖలింగం ఉంది. ఇలాంటి రక్షిత స్థలాలకి మిషన్ తీసుకెళ్లకండి. అక్కడ అనుమతి లేకుండా తవ్వడం నేరం, పైగా మట్టి పొరలు చెదిరితే చరిత్ర పోతుంది. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, భూమిలో దాగి ఉన్న వస్తువు దొరికి దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. చిల్లు కాణీ 1943 నుంచి 1947 వరకు వేసింది కాబట్టి దానికింకా వందేళ్లు రాలేదు. ఎవరి పొలంలోనైనా ముందు అడగండి. గుప్తనిధుల గొడవలు విన్నవాళ్లకి మనల్ని చూస్తే అనుమానం రావడం సహజం. "ఏటి బాబూ, ఏటెతుకుతున్నావ్?" అని ఓ పెద్దాయన అడిగితే దొరికినవన్నీ అరచేతిలో పోసి చూపించాను. ఇప్పుడు నేను కనిపిస్తే ఆయనే అలలకి ఏ ఇసుక గట్టు కోసుకుపోయిందో చెప్తాడు.

మిషన్ రాగానే బీచ్‌కి పరుగెత్తకండి. పెరట్లో పైన చెప్పిన నాలుగు నాణేలనీ, మేకునీ నాలుగు వేళ్ల లోతులో, మూరెడు దూరంలో ఒక్కోటి పాతి వారం రోజులు వినండి. శబ్దాలు చెవికి పట్టాక కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి సముద్ర స్నానాలు అయిన మర్నాడు ఆటు సమయం చూసుకుని వెళ్లండి. సెన్సిటివిటీ సగానికి తగ్గించి, కాయిల్‌ని ఇసుకకి రెండు వేళ్ల ఎత్తులో ఉంచి, తీరానికి సమాంతరంగా నడవండి. మొదటి పావలా దొరికితే బట్టతో రుద్దకండి, మంచినీళ్లలో నానబెట్టండి.