విదేశీ వీడియోలో మూల చూడండి

ఇల్లు కట్టేవాళ్లు విదేశీ వాటర్‌ప్రూఫింగ్ వీడియోలు చూస్తుంటే ఒక మాట. వాళ్లు ఏ డబ్బా పూశారన్నది పక్కన పెట్టండి. అది హనుమకొండలో దొరకకపోవచ్చు, దొరికినా ధర వింటే కళ్లు తిరుగుతాయి. స్లాబు, పిట్టగోడ కలిసే మూల దగ్గర వీడియో ఆపి చూడండి.

బ్రిటన్, జర్మనీల్లో నీరు దిగకుండా పూసే ఆ పొరను స్లాబు అంచున ఆపరు. ఫినిషింగ్ లెవెల్ (టైల్స్ వేశాక వచ్చే మట్టం) పైన కనీసం 150 మిల్లీమీటర్లు, అంటే అరడుగు, గోడ మీదికి ఎక్కిస్తారు. ఫినిషింగ్ లెవెల్ అన్న మాటే ముఖ్యం. మా మేస్త్రీ స్లాబు నుంచి రెండంగుళాలు ఎక్కించి సరే అన్నాడు. పైన టైల్స్ బెడ్డు పడేసరికి ఆ రెండంగుళాలూ పూడిపోయాయి. తొలి ముసురుకే బెడ్‌రూమ్ మూలన చెమ్మ. రెండోసారి మూలను గుండ్రంగా తిప్పించి, పొరను పైకి తెచ్చి, దాని అంచును గోడలో కోసిన గాడిలోకి దూర్చి మూయించాం. టైల్స్ వేయకముందే రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూశాం.

అన్నీ కాపీ కొట్టకండి. చలిదేశాల్లో గోడ లోపలివైపు ఆవిరి ఆపే షీటు వేస్తారు, గదిలోని వెచ్చటి తేమ గోడలోకి పోకుండా. మన వానాకాలంలో తేమ వచ్చేది బయటి నుంచి. ఏసీ గదిలో ఆ షీటు వేస్తే దాని వెనకే నీరు పట్టొచ్చు.

మేస్త్రీకి పది నిమిషాల వీడియో చూపిస్తే తల ఊపి వెళ్లిపోతాడు. ఆ మూల బొమ్మ ఒక్కటి ప్రింటు తీసి, కొలత రాసి చేతికివ్వండి.