ఇంటి కోడిగుడ్లను బంధుమిత్రులకు ఇవ్వడం, అమ్మడం ఎలా?

పెరట్లో ఏడెనిమిది నాటు పెట్టలుంటే ఇంటి అవసరానికి పోను గుడ్లు మిగులుతాయి. విశాఖపట్నంలో పెందుర్తి, మధురవాడ, ఆనందపురం వైపు సొంత ఇళ్లలో కోళ్లు పెంచుకునేవారికి ఇది తెలిసిన విషయమే. మిగిలినవాటిని బంధువులకో, పక్కింటివారికో ఇవ్వడం సహజం. అయితే ఏ రోజు పెట్టినదో తెలియని గుడ్డు మన గడప దాటకూడదన్నది నేను పట్టుదలగా పాటించే నియమం.

ఒక మే నెలలో ఎంవీపీ కాలనీలో ఉండే మా పిన్నికి పది గుడ్లు పంపించాను. మర్నాడు ఆవిడ ఫోన్ చేసి, "అట్టు వేద్దామని కొడితే పచ్చసొన మీద ఎర్రటి నరాలు పాకి ఉన్నాయిరా, మొత్తం పారబోశాను" అన్నారు. పొరపాటు నాదే. పొదుగుకు వచ్చిన పెట్ట కింద మూడు రోజులుగా ఉండిపోయిన గుడ్లను, అంతకుముందు తీసిన వాటితో కలిపేశాను. పుంజు తిరిగే దొడ్డిలో గుడ్డుకు వేడి తగిలితే పిండం ఎదగడం మొదలవుతుంది. పెట్ట కింద మూడో రోజుకే రక్తనాళాలు కంటికి కనిపిస్తాయి, 21 రోజులకు పిల్ల బయటకు వస్తుంది. మన వేసవిలో పెట్ట పొదగకపోయినా, గది వేడికే ఆ ఎదుగుదల అరకొరగా మొదలయ్యే అవకాశం ఉంది. పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి కనుక, తినడానికే పెంచేవారు పుంజును వేరుగా ఉంచితే ఈ బెడద పూర్తిగా తప్పుతుంది.

కాబట్టి మొదటి పని గుడ్లను రోజుకు రెండుసార్లు తీయడం. పెట్టలు ఎక్కువగా ఉదయం పూటే గుడ్లు పెడతాయి కనుక పదకొండు గంటల ప్రాంతంలో ఒకసారి, చీకటి పడేలోగా మరొకసారి చూడాలి. తీసిన వెంటనే పెంకు మీద పెన్సిలుతో తేదీ వేయాలి.

గుడ్డును కడగాలా అని చాలామంది అడుగుతుంటారు. కడగవద్దనే నా సలహా. పెంకు నిండా సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. గుడ్డు పెట్టినప్పుడు దానిపై ఆరిన సన్నని సహజమైన పూత ఆ రంధ్రాలను మూసి, లోపలికి సూక్ష్మక్రిములు చేరకుండా అడ్డుకుంటుంది. నీళ్లతో కడిగితే ఆ పూత పోతుంది, పైగా చన్నీళ్లు తగిలినప్పుడు పెంకు మీది మురికి లోపలికి ఇంకే ప్రమాదం ఉంది. అంటిన ధూళిని పొడిగుడ్డతో తుడిస్తే చాలు. రెట్ట బాగా అంటినవీ, నెర్రె పడినవీ ఎవరికీ ఇవ్వకూడదు. అసలు మురికి కాకుండా చూడడమే సులువు: గుడ్లు పెట్టే గంపలో ఎండుగడ్డి గానీ వరి ఊక గానీ మందంగా పరిచి, తడిసిన ప్రతిసారీ మార్చాలి. పెంకు పలచగా వస్తుంటే ఎండిన ఆల్చిప్పలను దంచి మేతతో పాటు వేరే చిప్పలో పెట్టాలి. తీరంలో ఉన్న మనకు వాటికి కొదవ లేదు.

ఇచ్చే ముందు రాత్రి గదిలో దీపం ఆర్పి, సెల్‌ఫోను టార్చి మీద గుడ్డు వెడల్పు కొనను ఆనించి చూడాలి. తాజా గుడ్డులో గాలి అర చిన్నదిగా ఉంటుంది, లోపల సమంగా వెలుగు కనిపిస్తుంది. సాలెగూడులాంటి ఎర్రని గీతలు గానీ నల్లని నీడ గానీ కనబడితే పక్కన పెట్టేయాలి. నీళ్లలో వేసి చూసే పరీక్ష కూడా నమ్మదగినదే, కానీ తడి తగిలిన గుడ్డును నిల్వ ఉంచకూడదు కనుక అది వంటకు ముందు చేసుకోవలసినది: అడుగున అడ్డంగా పడుకుంటే తాజాది, నిలువుగా నిలబడితే పాతది, తేలితే పారవేయాలి.

నిల్వ విషయంలో మన ఊరి ఉక్కను మరచిపోకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్డుకు క్షణాల్లో చెమట పడుతుంది, ఆ తడి వల్ల క్రిములు పెంకులోకి చేరడం తేలికవుతుంది. కాబట్టి ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్లను వాడేవరకు అక్కడే ఉంచాలి. నేను మాత్రం ఇవ్వదలచినవాటిని చల్లని గదిలో సన్నకొన కిందికి వచ్చేలా అట్టట్రేలో పెట్టి, వేసవిలో మూడు రోజుల్లోగా పంపించేస్తాను.

కోళ్లకు మందులు వాడుతున్నప్పుడు, ఆపిన తరువాత పశువైద్యుడు చెప్పినన్ని రోజులు గుడ్లు ఇవ్వకూడదు. కోళ్లు ఉన్నట్టుండి చనిపోతుంటే వెంటనే పశువైద్యశాలకు తెలియజేసి పంపకం ఆపాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి మనకు తెలిసిందే.

ఇక ధర. అయినవారి దగ్గర డబ్బు మాట ఎత్తడానికి మొహమాటం సహజం, అందుకే ఉచితమా, ఖరీదా అన్నది మొదటి రోజే చెప్పడం మంచిది. ఒక పెట్ట రోజుకు సుమారు వంద గ్రాముల మేత తింటుంది. ఎనిమిదింటికి నెలకు సుమారు ఇరవై నాలుగు కిలోలు అవుతుంది. నూకలు, తవుడు, చోళ్లు, మందుల ఖర్చు కూడి ఆ నెల వచ్చిన గుడ్ల సంఖ్యతో భాగిస్తే గుడ్డుకు పడిన అసలు ఖర్చు తేలుతుంది. ఫారం గుడ్డుకు నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ (నెక్) రోజూ ప్రకటించే ధరను నాటు గుడ్డుకు కొలబద్దగా తీసుకోలేము. నాటు పెట్ట పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది కనుక వారం వారం ఇన్ని ఇస్తామని మాట ఇవ్వకూడదు. కార్తీక మాసంలో చాలా ఇళ్లలో గుడ్డు ముట్టరు, పెట్టలేమో పెడుతూనే ఉంటాయి. ఆ నెలలో ఎవరు తీసుకుంటారో ముందే అడిగి ఉంచుకోవాలి. ఇరుగుపొరుగును దాటి కిరాణా కొట్టుకు వేయాలనుకుంటే, నమోదు అవసరమో కాదో ఆహార భద్రతా అధికారిని అడిగి తెలుసుకోవాలి.

స్కూటరు మీద తీసుకెళ్లేటప్పుడు మూత ఉన్న స్టీలు క్యానులో ఊక పోసి, గుడ్డుకు గుడ్డు తగలకుండా అమర్చితే గతుకుల రోడ్డు మీదా పగలవు. ఊకను మళ్లీ వాడకుండా, ఒకరింటికి వెళ్లి వచ్చిన అట్టట్రేను మన కోళ్లగూటికి తేకుండా చూసుకోవాలి. చేతికి అందించేటప్పుడు పెంకు మీద తేదీ చూపించి, ప్రతి గుడ్డునూ విడిగా ఒక గిన్నెలో కొట్టి చూసుకున్నాకే వంటలో కలపమనీ, చిన్నపిల్లలకు, గర్భిణులకు పూర్తిగా ఉడికించి పెట్టమనీ చెప్పాలి.