పొలంలో పిట్టల వేటకు రిట్రీవర్ శిక్షణ – నాలుగో పాఠం: తుపాకీ అందేంత దూరంలో వెదకడం

కాల్చిన పక్షిని వెదికి తెచ్చే వేటకుక్కే రిట్రీవర్. దానికి ఈల వినగానే కూర్చోవడం, పిలిస్తే వెంటనే రావడం, విసిరిన డమ్మీని (పక్షికి బదులు వాడే బొమ్మను) నలపకుండా నోట కరిచి తెచ్చి చేతికివ్వడం గత మూడు పాఠాల్లో నేర్పాం. ఈ మూడూ గట్టిపడని కుక్కతో ఈ పాఠం మొదలుపెట్టవద్దు. ఇకపై అది మీకు దూరంగా, వాసన మత్తులో పనిచేయవలసి ఉంటుంది కనుక, పాత పాఠంలో ఏ కొంచెం లోపం ఉన్నా ఇక్కడ బయటపడుతుంది.

ఈ పాఠమాల అమెరికాలో స్థిరపడి, అక్కడి లైసెన్సుతో వేటకు వెళ్లే తెలుగువారి కోసం రాస్తున్నది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కౌజులను, అడవికోళ్లను, నెమళ్లను వేటాడటం నేరం. ఇక్కడి కుక్కలతో డమ్మీలు వెదికించే ఆట వరకే పరిమితం కావాలి.

ఉదాహరణకు సౌత్ డకోటా రాష్ట్రాన్నే తీసుకుందాం. ఆసియా నుంచి తెచ్చి వదిలిన, కోడిని పోలిన ఫెజెంట్ పక్షి అక్కడి గడ్డి భూముల్లో, మొక్కజొన్న చేల అంచుల్లో బాగా స్థిరపడింది. ఆ రాష్ట్రంలో తొలి ఫెజెంట్ వేట 1919లో జరిగింది. అక్కడ పుంజును మాత్రమే కాల్చాలి, పెట్టను ముట్టకూడదు. ఒక మనిషికి రోజుకు మూడు పుంజులే పరిమితి. కాబట్టి లేచిన పక్షి పుంజో పెట్టో వేటగాడు రెప్పపాటులో గుర్తించగలగాలి. ఇరవై, ఇరవై అయిదు గజాల లోపల లేస్తే మెడ చుట్టూ తెల్లని పట్టీ, పొడవాటి తోక స్పష్టంగా కనిపిస్తాయి, గురి కూడా శుభ్రంగా తగులుతుంది. నలభై గజాలు దాటాక కాలిస్తే పక్షి గాయపడి గడ్డిలోకి పరుగెత్తి, ఎవరికీ దక్కకుండా చస్తుంది. అంత దూరాన పిట్టను లేపే కుక్క ఎంత చురుకైనదైనా వేటకు పనికిరాదు.

రిట్రీవర్ జాతుల్లో ఒకటైన లాబ్రడార్‌కు ఇది సహజంగా అబ్బే విద్య కాదు. బాతుల వేటకు తయారైన రిట్రీవర్ యజమాని పక్కన కదలకుండా కూర్చుని, పక్షి పడిన చోటు చూసుకుని, ఆజ్ఞ అందాక గీత గీసినట్టు నేరుగా వెళ్లి తెస్తుంది. పొలం వేటలో పక్షి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కుక్కే తన ముక్కుతో వెదికి, పసిగట్టి, లేపాలి. నేరుగా పోవడం మాన్పించి అడ్డంగా తిరగడం నేర్పడమే ఈ పాఠం.

పిక్కల ఎత్తు గడ్డి ఉన్న బీడును ఎంచుకుని, గాలి మీ ముఖానికి తగిలేలా నిలబడండి. కుక్క మెడపట్టీకి ముప్పై అడుగుల తాడు కట్టండి. మీకు కుడిఎడమల పదిహేను అడుగుల దూరంలో ఇద్దరు సహాయకులు జేబుల్లో పక్షి రెక్క కట్టిన డమ్మీలతో మీతో సమానంగా నడవాలి. కుక్కను కుడివైపు పంపండి. అది ఆ వైపు సహాయకుడున్న అంచుకు చేరగానే ఈల రెండుసార్లు పొట్టిగా ఊది, మీరూ ఎడమకు తిరిగి నడవండి, చెయ్యీ అటే చాపండి. నోటి మాటకంటే మీ ఒంటి కదలికనే కుక్క ముందు చదువుతుంది. అది ఎడమ అంచుకు చేరే వేళకు అక్కడి సహాయకుడు దాని కంటపడకుండా డమ్మీని గడ్డిలో వదలాలి. దొరికిన ప్రతిసారీ మెచ్చుకోండి. అరక గట్టు దగ్గర తిరిగి పక్క చాలు పట్టినట్టు, కుక్క అంచున తిరిగి కొంచెం ముందుకు జరగాలి. వెనక్కి మళ్లి, వెదికిన నేలనే వెదకకూడదు. డమ్మీని ఎప్పుడూ దగ్గరలోనే దాచండి. దూరాన ఒక్కసారి దొరికినా, పిట్టలు దూరంగానే ఉంటాయని దాని మనసులో పడిపోతుంది.

గాలి ఎప్పుడూ ఎదురుగానే వీచదు. వెనక నుంచి వీస్తే తెలివైన కుక్క ముందుగా కొంత దూరం వెళ్లి, అక్కడి నుంచి మీ వైపు తిరిగి వెదుక్కుంటూ వస్తుంది. కొత్తవారు దీన్ని అవిధేయతగా భావించి మందలిస్తారు. అది తప్పు, ముక్కుకు గాలి అందించుకునే దారి అదొక్కటే. తుపాకీ దూరం దాటనంత వరకు దాన్ని అలాగే వెదకనివ్వండి.

కుక్క పసిగట్టిన క్షణాన్ని మీరు గుర్తుపట్టాలి. అడ్డంగా పరుగెడుతున్నది ఒక్కసారిగా తల గాలి వైపు విసురుతుంది. మెడ ముందు తిరిగి, ఒళ్లు దాని వెంట మెలి తిరుగుతుంది. తోక వేగం పెరుగుతుంది. ఇక ఈల ఊదవద్దు. అయితే ఫెజెంట్ పుంజు ఎగరడానికి ఇష్టపడక గడ్డి మొదళ్ల మధ్య పరుగెడుతుంది, కుక్క ఆ జాడ వెంట దూరం దాటిపోతుంది. ఇక్కడ చాలామంది దాన్ని వెనక్కి పిలుస్తారు. నా అభిప్రాయంలో, జాడ మీదున్న కుక్కను పిలిచి మరిపించడం దాని మీద చేసే అన్యాయం. ఒక్క పొడవైన ఈలతో కూర్చోబెట్టి, మీరు దాన్ని చేరుకుని, మళ్లీ అదే జాడ మీదికి వదలండి. మొదటి పాఠంలో కూర్చోబెట్టడం మీద అంత పట్టుబట్టింది ఇందుకే.

ప్రతి సాధన తర్వాత చెవులు, కాలివేళ్ల సందులు, కనురెప్పలు వేళ్లతో తడిమి చూడండి. గడ్డి ముళ్లు చర్మంలోకి దిగితే లోలోపలికి పాకి చీము పట్టిస్తాయి.

రోజుకు పది, పదిహేను నిమిషాలు చాలు. ఎండ తగ్గాక, కుక్కకు ఇంకా ఉత్సాహం మిగిలి ఉండగానే ఆపండి. ఈ దశలో తుపాకీ పేల్చవద్దు. తాడు లేకుండా, చాలాసార్లు ఈల కూడా లేకుండా అంచున తనంతట తానే తిరుగుతున్నప్పుడు అయిదో పాఠంలోకి రండి. అందులో తుపాకీ శబ్దాన్ని దూరం నుంచి క్రమంగా అలవాటు చేయడం నేర్చుకుందాం.