ఫెన్నర్ బ్రాక్‌వే గురించి పావుగంట మాట్లాడాలంటే

విశాఖ ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలోనో, ఆంధ్రా యూనివర్సిటీలో పదిమంది కుర్రాళ్ళు చేరిన చోటో, మన స్వాతంత్ర్యం కోసం గొంతెత్తిన బ్రిటిష్ ఎంపీ ఫెన్నర్ బ్రాక్‌వే గురించి మాట్లాడాలనుకుంటే "1888లో కలకత్తాలో పుట్టారు" అని మాత్రం మొదలుపెట్టకండి. అది పూర్తయ్యేలోపే సగంమంది ఫోన్లు తీస్తారు.

జైలుతో ఎత్తుకోండి. దానికి ముందు ఒక్క సంగతి విడమరిచి చెప్పాలి: మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1916లో బ్రిటన్ చట్టం చేసి మరీ వయసులో ఉన్న మగవాళ్ళని, ఇష్టమున్నా లేకపోయినా, సైన్యంలోకి లాగింది. విశాఖ అసలే నేవీ ఊరు, ముందు వరసలో రిటైరైన నేవీ ఆయన ఒకరు కూర్చునే ఉంటారు. మన దగ్గర చేరడం ఎవరిష్టం వాళ్ళది కాబట్టి ఆ తేడా ముందే చెప్పేస్తే "సైనికుల్ని తప్పుపడతారా" అనే గొడవ చాలావరకు రాదు. అలాగని ఆయన వద్దన్నది బలవంతాన్నే అన్నట్టు మెత్తబరచకండి. ఆయన యుద్ధమే వద్దన్నారు, సైన్యంలో చేరనని జైలుకెళ్ళారు.

లివర్‌పూల్‌లోని వాల్టన్ జైలు దగ్గర కాస్త ఆగండి. ఖైదీలు ఒకరితో ఒకరు మాట్లాడకూడదని రూలు. ఈయన టాయిలెట్ కాగితాల మీద రాసి, దొంగచాటుగా పత్రిక నడిపారు. ఇక్కడ ఎవరూ ఫోను చూడరు.

తర్వాత 1930. గాంధీ, నెహ్రూ జైల్లో ఉన్నారు, లండన్‌లో అధికారంలో ఉన్నది ఈయన సొంత లేబర్ పార్టీయే. అయినా ఇండియా మీద చర్చ పెట్టాల్సిందేనని పట్టుబట్టి, సభ నుంచి సస్పెండ్ అయ్యారు.

అసలు చిక్కు స్పెయిన్ దగ్గరుంది. 1936లో అక్కడి సైన్యాధికారి ఫ్రాంకో ప్రభుత్వం మీద తిరుగుబాటు చేశాక, తుపాకీ ముట్టనని జైలుకెళ్ళిన ఈ మనిషే ఫాసిజాన్ని ఆయుధంతో ఎదుర్కోక తప్పదన్నారు, ఆయన పార్టీ ఐఎల్‌పీ (ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, అప్పటికి లేబర్ నుంచి విడిపోయింది) వాలంటీర్లను కూడా పంపింది. అభిమానులు దీన్ని రెండు ముక్కల్లో దాటేస్తారు. నన్నడిగితే మీ టైములో సగం దీనికే ఇవ్వాలి. ఎవరో ఒకరు "మాట మార్చాడు కదండీ" అంటారు, అననివ్వండి, వెనకేసుకురావడానికి తొందరపడకండి. 1950ల్లో మళ్ళీ అణ్వాయుధాలు వద్దని ఉద్యమించారని చెప్పి, వాళ్ళనే వాదించుకోనివ్వండి. మన ఊళ్ళో అదెలాగూ టీ కొట్టు దాకా సాగుతుంది.

1964లో లార్డ్ అయిన సంగతి ఎవరైనా ఎత్తితే చెప్పండి చాలు. 1989లో, ఆయన చనిపోయిన మరుసటి ఏడు, మనవాళ్ళిచ్చిన పద్మభూషణ్ మాత్రం ఆఖరికి దాచుకోండి. ముందే చెబితే చప్పట్లు కొట్టేసి స్పెయిన్ రాకముందే వెళ్ళిపోతారు.