అమ్మిన రోజు ఏమనుకున్నారో రాయండి

2020 మార్చి మూడో వారంలో నా ఇండెక్స్ ఫండ్ (మార్కెట్ సూచీలో ఉన్న షేర్లనే కొని ఉంచే ఫండ్) యూనిట్లలో సగం అమ్మేశాను. అంతకుముందు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ‘నాది దీర్ఘకాలిక మదుపు’ అని చెప్పుకొనేవాడిని. అమెరికా పెద్ద కంపెనీల షేర్ల ధరలను చూపే ఎస్ అండ్ పీ 500 సూచీ నెల రోజుల్లో దాదాపు 34 శాతం పడింది. ఆగస్టుకల్లా పాత గరిష్ఠాన్ని దాటేసింది. ఆ పరుగు నేను బయట నిలబడి చూశాను.

అందుకే మదుపు వ్యూహం ఎంచుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది లావాదేవీల చిట్టా తీయమని. ప్రతి అమ్మకం పక్కన కారణం ఒక్క ముక్కలో రాయండి. నా చిట్టాలో 17 అమ్మకాలు ఉంటే, 11 చోట్ల ‘భయమేసింది’ అని రాయవలసి వచ్చింది. ‘కంపెనీ లాభాలు తగ్గాయి’ అన్నది రెండుసార్లే. కంపెనీ లెక్కలు చదివి షేర్లు ఏరుకునే ఓపిక నాకు లేదని ఆ కాగితమే తేల్చింది. చిట్టా లేని కొత్తవాళ్లు చిన్న మొత్తంతో ఏడాది నడిపి చూడాలి.

తర్వాత, పెట్టబోయే మొత్తం కాగితం మీద వేసి, సగం కొట్టేసి, మిగిలిన అంకెను కాసేపు చూడండి. శాతాల్లో చెప్పుకుంటే ఎంత నష్టమైనా ఓర్చుకోగలమనిపిస్తుంది. సగం పోతే, మిగిలినది రెట్టింపైతే తప్ప అసలు రాదు. ఇది ఊహ కాదు: 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు అదే ఎస్ అండ్ పీ 500 సూచీ దాదాపు 57 శాతం పడింది. జపాన్ నిక్కీ సూచీకైతే 1989 డిసెంబరు నాటి గరిష్ఠాన్ని దాటడానికి 2024 ఫిబ్రవరి దాకా పట్టింది. కాబట్టి అయిదేళ్లలోపు అవసరమయ్యే డబ్బు షేర్ల దరిదాపులకు రాకూడదు. ఒకే దేశపు మార్కెట్‌ను నమ్ముకుని కూర్చోవడమూ నాకు నచ్చదు.

తీరిక సంగతి తేలికే. రోజువారీ ట్రేడింగ్‌కు మార్కెట్ నడిచే గంటలన్నీ కావాలి. షేర్లు ఏరుకోవాలంటే వార్షిక నివేదికలు చదవాలి. ఇండెక్స్ ఫండ్‌కు ఏడాదికి ఒక పూట చాలు.

ఫండ్ వసూలు చేసే రుసుములు మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఏటా 7 శాతం పెరిగితే 100 ముప్పై ఏళ్లలో 761 అవుతుంది. ఆ 7లో ఏటా ఒకటి రుసుము కింద పోయి 6 శాతమే మిగిలితే 574 దగ్గర ఆగిపోతుంది.

ఇప్పుడు నా డబ్బులో 70 శాతం ఇండెక్స్ ఫండ్లలో, 25 శాతం బాండ్లలో (వడ్డీ వచ్చే అప్పు పత్రాల్లో) ఉంది. నెలనెలా ఒకే తేదీన దానంతటదే జమవుతుంది. మిగిలిన 5 శాతం నా చేతి దురద తీర్చుకోవడానికి. అది పోయినా ఎవరితోనూ చెప్పుకోను. అమ్మాలనిపిస్తే కారణం నోటుపుస్తకంలో రాసి మూడు రోజులు ఆగుతాను. కిందటేడాది అలా రెండుసార్లు రాశాను. ఒకదానికి కారణం ‘అందరూ అమ్ముతున్నారు’. రెండోదాని కింద తేదీ ఉంది కానీ, నా దస్తూరీ నాకే అర్థం కాలేదు.